వాలిన రెప్ప లేచిన రోజు

1934. లండన్, గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫేజ్ ఆసుపత్రి. మంచం మీద 56 ఏళ్ల స్త్రీ. ఎడమ కనురెప్ప వాలిపోయింది, దవడ జారిపోయింది, ముద్ద మింగుడు పడటం లేదు. జబ్బు మయస్తీనియా గ్రావిస్. నరం పంపిన కబురు కండరానికి అందదు.

డాక్టర్ మేరీ వాకర్ అక్కడ సహాయ వైద్యురాలు మాత్రమే. ఇది బాణాలకు పూసే క్యురారే విషం ఎక్కినట్టుంటుందని నరాల వైద్యుడు డెన్నీ బ్రౌన్ అన్న మాట ఆమె మనసులో పడింది. మరి ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ దీనికెందుకు పనిచేయదు? చర్మం కింద సూది వేశారు. గంట తిరిగేసరికి రెప్ప లేచింది. దవడ జారడం కాస్త తగ్గింది. చేతుల్లో సత్తువ వచ్చింది, గుటక పడింది. కొన్ని గంటలకే అంతా మళ్లీ మొదటికొచ్చింది. అయినా, ఊపిరాడని గండం గడవడానికి ఈ మందు ఆసరా కావచ్చని ఆమె జూన్ 2న లాన్సెట్‌లో అచ్చయిన ఉత్తరంలో రాశారు.

ఎన్టీఆర్ జిల్లా చందర్లపాడు పత్తి, మిరప చేలల్లో వాడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు అడ్డుకునేదీ ఫైసోస్టిగ్మిన్ అడ్డుకునే ఎంజైమునే. అందుకే మయస్తీనియాకు ఇప్పుడు వాడే ఈ కోవ మాత్రలు మోతాదు మించితే చొంగ, చెమట, విరేచనాలు పట్టుకుంటాయి, కండరాలు ఇంకా నీరసిస్తాయి. నీరసం ముదిరిందని ఇంట్లోనే మాత్ర మీద మాత్ర మింగించకూడదు.

ఈ జబ్బులో ఊపిరాడని గండం చాలాసార్లు ఆయాసంతో రాదు. రొప్పడానికైనా బలం ఉండాలి కదా! జ్వరమో దగ్గో తగిలాక మాట ముక్కుతో వస్తుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి కారతాయి, దిండు మీంచి తల లేవదు. ఒక్క ఊపిరిలో 20 దాకా లెక్కపెట్టలేరు. వేలికి పెట్టే ఆక్సిమీటరు మాత్రం చివరిదాకా మంచి అంకే చూపించవచ్చు. దాన్ని నమ్మి తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరానికని ఊళ్లో జెంటామైసిన్ సూది వేసినా అంతే. ఆర్‌ఎంపీకైనా 108 వాళ్లకైనా ముందు జబ్బు పేరు చెప్పాలి. గుటక పడని మనిషికి నీళ్లు పట్టకుండా, కూర్చోబెట్టి, నందిగామ దాటైనా సరే వెంటిలేటరు ఉన్నచోటికి చేర్చాలి.

యంత్రం ఊపిరి అందుకున్నాక వాకర్ బాటలో వచ్చిన మాత్రలను సాధారణంగా కొన్నాళ్లు ఆపుతారు, గొంతులో ఊట పెంచుతాయి కనుక. ప్లాస్మా మార్పిడితో రక్తంలో ఈ జబ్బుకు కారణమైన యాంటీబాడీలను తీసేస్తారు, లేదా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. వాకర్‌కు ఈ రెండూ అందుబాటులో లేవు. ఇప్పుడు వేళకు చేరినవాళ్లలో చాలామంది రోజుల్లోనో వారాల్లోనో గొట్టం తీయించుకుని సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారు.