తూనీగ: రంగు చెప్పని నిజము

వరి పొట్టకు వచ్చు దినములలో చేని గట్టుమీద కొంతసేపు నిలిచినచో రెండు విధముల తూనీగలు కనబడును. ఒకదాని రెక్కలు మొదట నల్లనివి, నడుమ తెల్లనివి, కొనలయందు గాజువలె నిర్మలమైనవి. రెండవది పసుపువన్నెది, రెక్కలపై గోధుమరంగు మరకలు కలది. కొన్ని యేండ్ల క్రిందట నేను ఈ రెండింటి ఛాయాచిత్రములు తీసి, రెండు జాతులని నా పుస్తకమున వ్రాసికొంటిని. కీటకశాస్త్రము చదివిన మిత్రుడొకడు వానిని చూచి, "ఇవి రెండు జాతులు కావు, ఆలుమగలు" అని నవ్వెను.

నేను చిన్నబోయితిని. కాని ఈ పొరపాటు పాతది, పెద్దలు చేసినదే. 1758లో స్వీడను దేశపు పండితుడు లిన్నేయసు తన ప్రఖ్యాత గ్రంథమున ఒకే అడవిబాతునకు మగదానికొకటి, ఆడుదానికొకటి చొప్పున రెండు జాతినామములు పెట్టెను. ఆ గ్రంథముననే తూనీగలనన్నిటిని 'లిబెల్లులా' అను ఒక్క పేరు క్రింద చేర్చెను. అందు రెండు సన్నని తూనీగలకు 'కన్య', 'బాలిక' అని యర్థమిచ్చు లాటిను పేర్లు పెట్టెను. నాటినుండి వానిలోని మగవియు ఆ పేర్లనే మోయుచున్నవి!

మన వరిచేని తూనీగకు 1773లో 'టుల్లియా' అని పేరిడినవాడు లండనులో వెండిపని వృత్తిగా గల డ్రూరీ. ఓడలవారిచేత దూరదేశముల పురుగులను తెప్పించుకొనుట ఆయనకు వ్యసనము. 1775లో లిన్నేయసు శిష్యుడు ఫాబ్రీషియసు తూనీగలను మూడు గణములుగా విభజించెను.

ఈ పండితులకు ఒక చిక్కు కలదు. తూనీగ చచ్చిన పిమ్మట దాని రంగు నిలువదు. ఎఱ్ఱనిదియు నీలమైనదియు కొలది కాలమునకే మాసి మట్టిరంగునకు దిగును. అందుచేత వారు రంగును నమ్మక, రెక్కల యీనెలను, తోక కొననుండు కొక్కెములను పరీక్షింపవలసి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున బెల్జియము దేశీయుడు సెలీ లాంషాం ఈ మార్గమున శాస్త్రమునకు పునాది వేసెను. మన దేశమున ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు ఫ్రేజరు 1933, 1934, 1936 సంవత్సరములలో మూడు సంపుటములు ప్రకటించి, భారత, సింహళ, బర్మా దేశముల తూనీగలను మగ ఆడు భేదముతో వర్ణించెను.

ఆ భేదమును తెలుపు గురుతు ఏది? తూనీగ పొట్ట సన్నగా సాగి పది కణుపులుగా నుండును. మనము తోక యనునది అదియే. మగదానికి రెండవ కణుపు క్రింద సంయోగాంగము ఉబ్బెత్తుగా కనబడును. కొననుండు కొక్కెములతో నది ఆడుదానిని పట్టుకొనును. ఆడుదానికి ఆ యుబ్బు లేదు. గ్రుడ్లు పెట్టు సాధనము కొనకు దగ్గరగా ఎనిమిది, తొమ్మిది కణుపుల క్రింద నుండును. రంగు మాత్రము మోసము చేయును. మన చెరువుల యొద్ద తిరుగు ఎఱ్ఱతూనీగలలో మగది పుట్టినపుడు ఆడుదానివలె పసుపుగానే యుండి, ముదిరిన పిమ్మట ఎఱ్ఱనగును. కొన్ని సన్నని తూనీగలలో కొందరాడువి మగవాని రంగునే ధరించును.

నేడు చేతిలోని ఫోనుతో ఎవరైనను తూనీగ చిత్రమును తీయవచ్చును. పురుగును చంపనక్కరలేదు, దాని సజీవవర్ణము నిలిచియుండును. ఇది గొప్ప లాభము. కాని పూర్వులకు చావు హరించిన రంగు మనకు చిత్రమున దొరకుటచేతనే మనము దానిని నమ్మి మోసపోవుచున్నాము. పైనుండి తీసిన ఒక్క చిత్రమున రెండవ కణుపు క్రింది భాగము కనబడదు. కావున పైనుండి యొకటి, ప్రక్కనుండి యొకటి తీసి, చోటును తేదీని వ్రాసికొనవలయును. గురుతు కనబడనిచో తెలియలేదని వ్రాయుటయే న్యాయము. ఏలనన, ఏ చెరువున ఏ జీవి మిగిలినదో తెలిసికొనగోరు రేపటివారికి మన వ్రాతయే సాక్ష్యము. ఒక జాతిని రెండుగా వ్రాసినచో లేని సంపదను ఉన్నట్లు చెప్పినవారమగుదుము.

నా పుస్తకమున ఆనాటి తప్పును నేను కొట్టివేయలేదు. దాని ప్రక్కనే సరియైన పేరు వ్రాసి, తేదీ వేసితిని. చిన్ననాడు తూనీగ తోకకు దారము కట్టి యాడినవాడను. ఆ తోకను చదువుట నేర్చుకొనుటకు నాకు నలువది యేండ్లు పట్టినది.