మూలుగ మార్పిడి: ఒక వైఫల్య దశాబ్దపు చరిత్ర

ఉపోద్ఘాతం

ఎముక లోపలి మెత్తని పదార్థానికి తెలుగులో మూలుగ అనే అచ్చమైన మాట ఉంది. మన పాఠ్యపుస్తకాలు సంస్కృతపదమైన మజ్జను స్వీకరించాయి. ఆయుర్వేదం చెప్పే సప్తధాతువుల వరుసలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి తరువాత ఆరవది మజ్జ. అంటే ఆ వరుసలో రక్తం ముందు, మజ్జ తరువాత. 1868లో కోనిగ్స్‌బర్గ్‌లో ఎర్నస్ట్ నాయ్‌మన్, ఇటలీలో జూలియో బిజ్జొజెరో వేరువేరుగా చూపిన సంబంధం దీనికి తలకిందులైనది: రక్తకణాలు మూలుగలోనే తయారవుతాయి. ఆధునిక వైద్యాన్ని ప్రాచీన గ్రంథాల్లో వెతికే అలవాటు మన వ్యాసాల్లో కొంత ఎక్కువే కనుక ఈ తేడాను మొదటే చెప్పడం మంచిది.

రక్తవ్యాధులు చాలావరకు ఈ తయారీకేంద్రపు వ్యాధులే. ల్యూకేమియాలో అది దారితప్పుతుంది. అప్లాస్టిక్ రక్తహీనతలో ఎండిపోతుంది. తలసీమియా, సికిల్‌సెల్ వ్యాధుల్లో జన్యుదోషం వల్ల హిమోగ్లోబిన్ తయారీయే దెబ్బతింటుంది. అటువంటి మూలుగను తొలగించి, ఆరోగ్యవంతుని మూలుగలోని మూలకణాలను రోగి నరంలోకి ఎక్కించడమే మూలకణ మార్పిడి. దీని చరిత్రను 1957లోని తొలి ప్రయత్నంతో మొదలుపెట్టి 1990 నోబెల్ బహుమతితో ముగించడం పరిపాటి. ఆ రెండు సంవత్సరాల నడుమ ఒక దశాబ్దం దాదాపు పూర్తిగా విఫలమైంది. ఈ చికిత్స స్వరూపాన్ని నిర్ణయించింది ఆ దశాబ్దమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సీసపు కవచం నుంచి కణం వరకు

హిరోషిమా, నాగసాకీల తరువాత అణుధార్మికత మనుషులను ఎలా చంపుతుందన్నది ప్రభుత్వాలకు అత్యవసర ప్రశ్న అయింది. పేలుడులో చావకుండా బయటపడినవారిలో చాలామంది కొన్ని వారాలకు రక్తస్రావంతో, ఇన్ఫెక్షన్లతో మరణించారు. వారి మూలుగ నశించడమే కారణం. ఈ నేపథ్యంలోనే 1949లో షికాగోలో లియాన్ జాకబ్సన్ బృందం ఎలుకల ప్లీహాన్ని సీసంతో కప్పి ప్రాణాంతకమైన మోతాదులో ఎక్స్‌కిరణాలు ప్రసరింపజేసింది. ఆ ఎలుకలు బతికాయి. 1951లో ఎగాన్ లోరెంజ్ బృందం సీసంతో పని లేకుండానే, కిరణాలు సోకిన జంతువుకు మరొక జంతువు మూలుగను ఎక్కించి అదే ఫలితం సాధించింది.

అయితే రక్షించింది ఏమిటి? ప్లీహం నుంచో మూలుగ నుంచో ఒక రసాయనం విడుదలై జంతువు సొంత మూలుగను తిరిగి మేల్కొలుపుతున్నదని మొదట్లో పలువురు నమ్మారు. జాకబ్సన్‌దీ అదే ఊహ. ఎక్కించిన కణాలే కొత్త శరీరంలో స్థిరపడి రక్తాన్ని తయారుచేస్తున్నాయన్నది రెండవ వాదం. ఇది కేవలం పండితుల తగవు కాదు. మొదటి వాదం నిజమైతే ఆ రసాయనాన్ని వేరుచేసి మందుగా ఇస్తే సరిపోతుంది, దాతతో పని లేదు. రెండవది నిజమైతే ఒక మనిషి రక్తం ఇంకొక మనిషిలో జీవితాంతం పుడుతూ ఉండాలి. 1956లో ఇంగ్లండులోని హార్వెల్‌లో ఫోర్డ్, హామర్టన్, బార్న్స్, లూటిట్ ఈ వివాదాన్ని తేల్చారు. టి6 అనే గుర్తించదగిన క్రోమోజోమ్ ఉన్న ఎలుకల మూలుగను ఇతర ఎలుకలకు ఎక్కించి, కోలుకున్నవాటి మూలుగలో విభజన చెందుతున్న కణాలను సూక్ష్మదర్శినితో పరిశీలించారు. అక్కడ ఉన్నది దాత క్రోమోజోమే. రెండు ప్రాణుల కణాలు కలిసి బతికే ఆ ఎలుకలకు గ్రీకు పురాణంలోని సింహం, మేక, సర్పం కలిసిన జంతువు పేరిట కైమేరా అని పేరు పెట్టారు.

అదే ఏడాది బార్న్స్, లూటిట్‌లు ఎలుకల ల్యూకేమియాకు ఈ పద్ధతిని ప్రయోగించారు. కిరణాలు చంపలేక మిగిల్చిన ల్యూకేమియా కణాలను దాత కణాలు చంపవచ్చునని వారు అప్పుడే ఊహించారు. కానీ కొత్త మూలుగ నిలిచిన ఎలుకలు కొన్ని వారాల తరువాత బరువు తగ్గి, విరేచనాలతో, చర్మం పాడై చనిపోయేవి. దీనిని ద్వితీయ వ్యాధి అన్నారు. శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరించడం అప్పటికే తెలుసు. ఇక్కడ జరిగింది దానికి విపర్యయం. వచ్చిన అతిథే ఇంటిని తిరస్కరించింది. దాత మూలుగతోపాటు వచ్చిన రోగనిరోధక కణాలు గ్రహీత శరీరాన్ని పరాయిదిగా భావించి దాడిచేస్తున్నాయి. కాపాడే శక్తి, చంపే శక్తి ఒకే కణాలలో ఉండడం ఈ చికిత్సను నేటికీ వదలని చిక్కు.

203 మంది

1957లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరి ఆసుపత్రి నుంచి డొనాల్ థామస్, ఆయన సహచరులు ఆరుగురు రోగులకు మూలుగ ఎక్కించిన వృత్తాంతాన్ని ప్రకటించారు. మూలుగను నరంలోకి ఎక్కించడం ప్రాణాపాయం కాదని తేలింది. అంతకుమించి ఆశించిన ఫలితం రాలేదు. రోగులెవరూ ఎక్కువ కాలం బతకలేదు.

1958 అక్టోబరులో యుగోస్లావియాలోని విన్చా అణుకేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురు తీవ్రమైన ధార్మికతకు గురయ్యారు. వారిని పారిస్‌కు తరలించారు. జార్జ్ మాతే వారిలో ఐదుగురికి ఫ్రెంచి దాతల మూలుగ ఎక్కించగా నలుగురు బతికారు. పత్రికలు దీనిని విజయంగా రాశాయి. కొన్నాళ్లకు ఆ నలుగురిలో దాత కణాలు మాయమై సొంత మూలుగ కోలుకుంది. మార్పిడి వారిని బతికించిందా, లేక మార్పిడి లేకపోయినా బతికేవారా అన్నది వివాదంగానే మిగిలింది. అనుకూల ఫలితం కూడా సాక్ష్యంగా చాలదనడానికి వైద్యచరిత్రలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

1959లో థామస్ ల్యూకేమియా ఉన్న ఇద్దరు పిల్లలకు వారి సమరూప కవలల మూలుగను ఇచ్చారు. జన్యువులు ఒకటే కనుక తిరస్కారం లేదు, రక్తకణాలు కొన్ని వారాల్లోనే పెరిగాయి. అయితే నెలల వ్యవధిలో ల్యూకేమియా తిరిగివచ్చింది. మనిషిలో మూలుగ నిలవగలదన్నది మొదటి పాఠం, కిరణాలు మాత్రమే ల్యూకేమియాను తుడిచిపెట్టలేవన్నది రెండవది.

సాధారణ రోగులకు కవలలు ఉండరు. ఆ దశాబ్దంలో వేరొకరి మూలుగ ఎక్కించిన ఉదంతాలను మోర్టిమర్ బోర్టిన్ సేకరించి 1970లో ప్రచురించారు. 1957 నుంచి 1967 వరకు లెక్కకు వచ్చినవారు 203 మంది. వారిలో 125 మందిలో దాత మూలుగ అసలు నిలవలేదు. జాబితా తయారయ్యేనాటికే 152 మంది మరణించారు. చాలామంది వైద్యులు ఈ ప్రయత్నాన్ని విడిచిపెట్టారు. మనుషుల జన్యువైవిధ్యం దృష్ట్యా ఇది ఎన్నటికీ సాధ్యం కాదన్న మాట కూడా వినిపించింది.

ఈ 203 మంది చాలావరకు మరో చికిత్స లేనివారు. అందువల్లనే వారిపై ప్రయత్నం సమర్థనీయమైంది. వారి మరణాలకు మార్పిడి కారణమా, వ్యాధి కారణమా అని విడదీయడం కష్టమైనదీ అందువల్లనే. చేతులెత్తేసిన స్థితిలో చేసే ప్రయోగం నేర్పే పాఠం చాలా తక్కువ. బోర్టిన్ జాబితా విలువ అందులోని ఏ ఒక్క ఉదంతంలోనూ లేదు. ఓటములను దాచకుండా ఒకచోట చేర్చడంలో ఉంది.

తిరిగి కుక్కల దగ్గరికి

థామస్ మానవులపై ఇటువంటి మార్పిడులను దాదాపు ఆపివేసి జంతుప్రయోగాలకు మళ్లారు. 1963లో సియాటిల్‌కు మారిన తరువాతా, రైనర్ స్టార్బ్ తదితరులతో కలిసి, ఆ పని సాగింది. ప్రయోగశాల ఎలుకలు తరతరాలుగా ఒకే వంశంలో పెంచినవి, ఒకదానికొకటి నకళ్లు. కుక్కలు మనుషుల్లా వైవిధ్యం గలవి, పైగా ఒకే ఈతలో అనేక పిల్లలు పుడతాయి. తోబుట్టువుల్లో ఎవరి కణజాలం ఎవరికి సరిపోతుందో పరీక్షించడానికి ఇవి అనువైనవి. 1968 నాటికి ఫలితం స్పష్టమైంది. కణజాలం సరిపోయిన తోబుట్టువుల మధ్య మార్పిడి చేసి, ఆపై కొద్దికాలం మెథోట్రెక్సేట్ ఇస్తే కుక్కలు దీర్ఘకాలం బతికాయి.

ఇదే కాలంలో మరో మూడు పరిశోధనలు వచ్చి కలిశాయి. పారిస్‌లో జాన్ డోసే 1958లో తెల్లకణాలపై మొదటి గుర్తును కనుగొన్నారు. తరువాత హెచ్.ఎల్.ఎ. పేరుతో విస్తరించిన ఈ విజ్ఞానమే దాత ఎంపికకు ఆధారం. 1961లో టొరాంటోలో భౌతికశాస్త్రజ్ఞుడు జేమ్స్ టిల్, వైద్యుడు ఎర్నస్ట్ మెకల్లక్ మూలుగకణాల ధార్మిక సున్నితత్వాన్ని కొలుస్తూ, ఎలుకల ప్లీహంపై చిన్న బుడిపెలను గమనించారు. సుమారు 10,000 మూలుగ కణాలకు ఒక బుడిపె. ఒక్కో బుడిపె ఒకే కణం సంతానమని 1963లో రుజువైంది. అంతవరకు ఊహగా ఉన్న మూలకణం అప్పటినుంచి లెక్కించదగిన వస్తువయింది. వారు వెతికింది దానిని కాదు కూడా. ఇక 1968లో మినెసోటాలో రాబర్ట్ గుడ్ బృందం పుట్టుకతో రోగనిరోధకశక్తి లేని ఒక పసివానికి అక్క మూలుగను ఇచ్చి నిలిపింది.

1969 నుంచి సియాటిల్‌లో మానవులపై మార్పిడులు తిరిగి మొదలయ్యాయి. 1977లో థామస్ ప్రకటించిన 100 మంది చివరిదశ ల్యూకేమియా రోగులలో 13 మంది వ్యాధిరహితంగా జీవించి ఉన్నారు. ఈ సంఖ్య చిన్నదిగా కనిపించవచ్చు. కానీ చివరిదశలోనే కొందరు నిలిచినప్పుడు, వ్యాధి అణగి ఉన్న తొలిదశలోనే మార్పిడి చేస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న సహజంగా పుట్టింది. 1979లో వచ్చిన జవాబు అనుకూలంగా ఉంది.

భీమవరం వాసి ప్రయోగశాల

మెథోట్రెక్సేట్ విషయంలో తెలుగువారికి నిజమైన సంబంధం ఒకటి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వం వహించినప్పుడు, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలు అక్కడ తయారయ్యాయి. వాటిలో అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యూకేమియాకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు మరణించారు. అదే కుటుంబానికి చెందిన మరో అణువు మెథోట్రెక్సేట్. దానిని సుబ్బారావు ఒక్కరే కనుగొన్నారనడం సరికాదు, అది ఒక బృందం కృషి. సుబ్బారావుపై మన రచనలు ఈ కథను క్యాన్సర్ చికిత్సతో ఆపేస్తాయి. దాని రెండవ జీవితం ప్రస్తావనకు రావడం అరుదు.

1958లో డెల్టా అప్‌హాఫ్ ఇదే మందు ఎలుకల్లో ద్వితీయ వ్యాధి తీవ్రతను తగ్గిస్తుందని చూపారు. గ్రహీత శరీరాన్ని పరాయిదిగా గుర్తించిన దాత కణాలు ముందుగా వేగంగా విభజన చెందాలి. విభజనకు ఫోలేట్ అవసరం. సరిగ్గా ఆ సమయంలో, మార్పిడి తరువాత 1, 3, 6, 11 రోజుల్లో, తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇస్తే దాడికి సిద్ధమవుతున్న కణాలే ఎక్కువగా నశిస్తాయి. 1986లో స్టార్బ్ బృందం దీనికి సైక్లోస్పోరిన్‌ను జతచేసి, సైక్లోస్పోరిన్ ఒక్కటే ఇవ్వడం కంటే ఈ జంట మేలని నిరూపించింది. ల్యూకేమియాను చంపడానికి పుట్టిన మందు, ల్యూకేమియాను చంపడానికి తెచ్చిన కణాలను అదుపుచేసే మందుగా స్థిరపడింది.

తోబుట్టువులు లేనప్పుడు

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున హెచ్.ఎల్.ఎ. జన్యుసముదాయాలు సంక్రమిస్తాయి కనుక ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. నలుగురు తోబుట్టువులుంటే ఒకరైనా సరిపోయే అవకాశం 68 శాతం. ఒక్కరే ఉంటే 25 శాతమే. కుటుంబాలు చిన్నవైన కొద్దీ ఈ లెక్క కఠినమవుతుంది. ఆంథొనీ నోలన్ అనే బాలుని కోసం అతని తల్లి 1974లో లండన్‌లో పరాయి దాతల పట్టికను ప్రారంభించింది. దాత దొరకకుండానే 1979లో ఆ బాలుడు మరణించాడు, పట్టిక మిగిలింది. మన దేశంలో చెన్నైలో దాత్రి సంస్థ 2009లో ఇటువంటి పట్టికను మొదలుపెట్టింది. పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ 1988లో బొడ్డుతాడు రక్తాన్ని వాడడం, ఇటీవలి దశాబ్దాల్లో సగం మాత్రమే సరిపోయే తల్లిదండ్రులను దాతలుగా స్వీకరించడం ఈ కొరతకు వెతికిన ఇతర దారులు.

పెసారో కొలబద్ద, వెల్లూరు పిల్లలు

తలసీమియాకు మార్పిడి 1980ల ఆరంభంలో సియాటిల్‌లోను, ఇటలీలోని పెసారోలోను మొదలైంది. పెసారోలో గ్విదో లుకరెల్లి రోగులను మూడు తరగతులుగా విభజించారు. కాలేయం పెరిగిందా, అందులో మచ్చకట్టు ఏర్పడిందా, శరీరంలో పేరుకున్న ఇనుమును తొలగించే చికిత్స క్రమంగా అందిందా అన్నవి కొలమానాలు. ఏ దోషమూ లేనివారు మొదటి తరగతి, మూడూ ఉన్నవారు మూడవ తరగతి. 1990లో ప్రకటించిన ఫలితాల్లో మొదటి తరగతిలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తలసీమియా లేకుండా జీవించగా, మూడవ తరగతిలో ఆ సంఖ్య సగానికి కాస్త ఎక్కువ మాత్రమే.

భారతదేశంలో 1983లో ముంబయి టాటా స్మారక ఆసుపత్రిలో మూలుగ మార్పిడి ప్రారంభమైంది. 1986లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మామ్మెన్ చాండీ నాయకత్వంలో మరో కేంద్రం ఏర్పడింది. అక్కడికి వచ్చిన తలసీమియా పిల్లలలో చాలామంది పెసారో కొలబద్ద ప్రకారం మూడవ తరగతివారే. ఇటలీలో ఆ తరగతి ఒక కొస. వెల్లూరులో అదే సాధారణ స్థితి. సరిపడా రక్తం, ఇనుమును తొలగించే మందులు ఏళ్లతరబడి అందకుండానే వారు మార్పిడి దాకా వచ్చారు. అందరూ ఒకే తరగతిలో పడినప్పుడు ఆ తరగతి ఎవరికి ప్రమాదమో చెప్పలేదు. 2007లో వెల్లూరు బృందం తమ ఫలితాలను, మరణాలతో సహా, తిరిగి పరిశీలించి మూడవ తరగతిని లోపలే విభజించింది. వయసు 7 సంవత్సరాలు దాటి, కాలేయం పక్కటెముకల కింద 5 సెంటీమీటర్లు లేదా అంతకుమించి పెరిగిన పిల్లలు వేరే వర్గమని, వారికి అదే మందులు అదే మోతాదులో ఇవ్వడం తగదని తేల్చింది. ఆ తరువాత అక్కడ ఆ వర్గపు పిల్లలకు మార్పిడికి ముందు ఇచ్చే మందులే మారాయి.