పద్మనాభ యుద్ధము నేర్పిన పాఠము

మన తగరపువలసకు సమీపముననే పద్మనాభ క్షేత్రమున్నది. కొండపై అనంతపద్మనాభస్వామిని, దిగువను కుంతీమాధవస్వామిని సేవించి మరలివచ్చు యాత్రికులలో, ఆ కొండ నీడన 1794 జూలై 10వ తేదీన ప్రవహించిన నెత్తురును తలచువారు బహుస్వల్పము. తలచువారు సైతము శౌర్యమును పొగడి అంతటితో ఊరకుందురు. ఆ యుద్ధమేల వచ్చినదో విచారింపరు.

ఆ కథను బొబ్బిలినుండి చెప్పవలెను. 1757 జనవరి 24న విజయనగర ప్రభువు పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో పొరుగు సంస్థానముపై పగ తీర్చుకొనెను. కోటలోని స్త్రీలు, పసిబిడ్డలు శత్రువుల చేత చిక్కకుండుటకై స్వజనుల చేతులలోనే ప్రాణములు విడిచిరి. మూడునాళ్లకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో ప్రవేశించి విజయరామరాజును పొడిచి చంపెను. గెలిచినవానికి గెలుపు దక్కలేదు.

పిమ్మట గద్దెనెక్కిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిని వెడలగొట్టుటకై ఆంగ్లేయులను ఆహ్వానించెను. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించెను. కొద్ది ఏండ్లలోనే ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యెను. పిలువవచ్చిన చుట్టము ఇంటికి యజమాని యయ్యెను.

విజయనగర సంస్థానమున పన్నెండువేలకు మించిన సైన్యము కలదనియు, అది తమకు ప్రమాదకరమనియు 1784లో కంపెనీవారి విచారణ సంఘము తెలిపినది. ఈ సైన్యము చుట్టుపట్ల జమీందారులను అణచుటకు వినియోగపడినది. దాని జీతబత్తెములు మాత్రము రైతు కళ్లమునుండియే రావలసియుండెను. కంపెనీవారును అట్లే పేష్కషు రాబట్టుటకు సైన్యమును, సైన్యమును పోషించుటకు పేష్కషును కోరిరి. ఇరువురి కత్తులకును పదును పెట్టినది కర్షకుని చెమటయే.

బకాయిల నెపమున 1793లో కంపెనీ సైన్యము విజయనగరమును ఆక్రమించెను. భరణము పుచ్చుకొని మచిలీపట్నమునకు పొమ్మనగా చిన విజయరామరాజు సమ్మతింపక, పద్మనాభమున విడిసెను. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనలు పైబడగా, కొద్దిసేపటిలోనే రాజును, ఆయనను వీడని సర్దారులును నేలకొరిగిరి. ముందటి ప్రభువు పిలిచితెచ్చిన బలమే తరువాతి ప్రభువును బలిగొనినది.

ఆయన పిరికివాడు కాడు. ఆ మృతులకు మనము నమస్కరింపవలసినదే. దేశరక్షణకు సైన్యము వలదనియు నేననను. కాని వీరుని గౌరవించుట వేరు, యుద్ధమును ఆరాధించుట వేరు. బొబ్బిలి కథ విని ఒడలు పులకరించు మనము, ఆ పగ ఇరుసంస్థానములకు ఏమి మిగిల్చెనో లెక్కవేయము. ఖడ్గమునే ఘనతగా నెంచు జాతి, ఆ ఖడ్గమెవరి చేతికి పోవునో గమనింపదు.

ఈ లెక్క వేసిన చక్రవర్తి ఒకడు గలడు. కళింగ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షన్నరమంది చెరపట్టబడిరనియు అశోకుడు తానే శిలపై చెక్కించి పశ్చాత్తాపపడెను. అయినను కళింగమునందలి ధౌళి, జౌగడ శిలలపై ఆ శాసనము కానరాదు. దానికి బదులు, ప్రజలెల్లరు తన బిడ్డలనియు, వారిని అన్యాయముగా బంధింపరాదనియు అధికారులను హెచ్చరించు శాసనములున్నవి. గాయపడిన నేలపై విజయగాథ చెక్కింపకుండుటయే గొప్ప రాజనీతి.

ఆయుధశాలలు నిండిన సంస్థానములు అంతరించినవి. ఇరువదియైదేండ్లుగా మన ఊరిలో ఈ పుస్తకశాల నిలిచియున్నది. ఇచట మన పిల్లలు యుద్ధకథలను చదువుదురుగాక! చదివి, గెలిచినదెవరని అడుగుటకు ముందు, మూల్యము చెల్లించినదెవరని అడుగుట నేర్చుకొందురుగాక!