పల్లంలో నిలిపిన జీపు

అరకు, పాడేరు, చింతపల్లి ఘాట్ రోడ్ల మీద పాత జీపులు తిప్పిన డ్రైవర్లలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. పొద్దుగూకాక బండిని ఎక్కడ పడితే అక్కడ ఆపరు. ముక్కు పల్లం వైపు తిప్పి, గేరులో ఉంచి, ముందు చక్రం కింద రాయి పెట్టి దిగుతారు. తెల్లారి సెల్ఫ్ స్టార్టర్ అందుకుంటే సరేసరి. అందుకోకపోతే రాయి తీసి, బండిని కాస్త దొర్లనిచ్చి, రెండో గేరులో క్లచ్ వదులుతారు. ఇంజను ఒక్కసారి దగ్గి లేస్తుంది. మైదానం నుంచి వెళ్లినవాళ్లు దీన్ని చూసి నవ్వుకున్నారు. కొత్త బ్యాటరీ కొనలేని బీదతనమని కొందరు, రిపేరు చేయించుకోని బద్ధకమని కొందరు అన్నారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు, కానీ అలవాటు పుట్టుకను అవి వివరించవు. ఆ కాలపు ఇంజను తయారీ, స్టార్టు కాని ఆ జబ్బు స్వభావం, ఆ కొండల వాలు మూడూ కలిసి ఈ పద్ధతిని పుట్టించాయి. ఆ మూడూ ఉన్నంతకాలం అది బుద్ధిమంతుల పద్ధతే అన్నది నా వాదన.

అసలు ఈ కొండల మీదికి చక్రం రావడమే ఆలస్యం. కోస్తా ఉప్పు ఒకప్పుడు బ్రింజారీ సంచార వర్తకుల ఎద్దుల మీద కనుమలు దాటి ఒడిశాలోని జయపురం వైపు వెళ్లేది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసిన రోడ్డుకు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా మన్యం జనంతో చాకిరీ చేయించుకున్నాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదొకటి. స్వాతంత్ర్యం తర్వాత ఈ రోడ్ల మీదికి వచ్చిన బండి జీపు. మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమైంది. ఆ దశకంలోనే దేశంలో 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు ఏర్పడ్డాయి, అరకు వాటిలో ఒకటి. బ్లాకు అంటే బీడీఓ, బీడీఓ అంటే జీపు. సర్కారు ఏళ్ల తరబడి వాడి కండెం చేసిన జీపులు వేలానికి వచ్చేవి, వాటిని కొన్నవాళ్లు సంతలకు సర్వీసు తిప్పేవాళ్లు. అంటే ప్రైవేటు చేతికి వచ్చేసరికే బండి ఒక ఆయుష్షు గడిపేసి ఉండేది. వైర్ల మీది తొడుగు పగిలి, సెల్ఫ్ మోటారు బుష్‌లు అరిగి, బ్రష్‌లు చివరికొచ్చి ఉన్న బండి అన్నమాట. కొండ మీది కరెంటు కష్టాల చరిత్ర మొదలయ్యేది ఇలాంటి బండితోనే.

మొదటి తరం జీపులు పెట్రోలువి. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ ప్రాణం. ఆ రవ్వ పాయింట్లు, కండెన్సర్, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ మూత, లావుపాటి వైర్లు దాటి ప్లగ్గు దాకా రావాలి. అనంతగిరి, గాలికొండ మీద వానాకాలమంతా, ఆ తర్వాత పొగమంచు రోజుల్లోనూ డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పట్టేది. వేల వోల్టుల కరెంటు ప్లగ్గుదాకా వెళ్లకుండా ఆ చెమ్మ దారినే జారిపోయేది. ఎండెక్కాక మూత ఆరి బండి తనంతట తాను బాగయ్యేది, మర్నాడు మళ్లీ అదే కథ. పొడి గుడ్డతో మూత తుడవడం ఇక్కడి డ్రైవరుకు పొద్దున్నే ముఖం కడుక్కోవడంతో సమానం. పల్లం ఈ జబ్బును నయం చేయలేదు గానీ ఒక మేలు మాత్రం చేసింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజిని అదే మింగేస్తుంది, కాయిల్‌కు అందేది అరకొర, కాబట్టి రవ్వ బలహీనం. తిప్పే పని వాలు చేస్తే బ్యాటరీలో ఉన్నదంతా రవ్వకే దక్కుతుంది. ఇనుప హ్యాండిల్‌తో తిప్పినా ఫలితం ఇదే, కాకపోతే ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది.

డీజిల్ వచ్చాక లెక్క మారింది. 1980ల నుంచి మహీంద్రా జీపుల్లో ప్యూజో డిజైను డీజిల్ ఇంజను వాడుకలోకి వచ్చింది. సంతల రోడ్లను ఏలిన కమాండర్, ఆ తరవాతి బండ్లు డీజిల్‌వే. డీజిల్‌కు రవ్వ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. ఆ నూనెను కొలిచి కొట్టే పంపు కూడా పళ్లచక్రాలతో నడిచే యంత్రమే, చాలా బండ్లలో ఇంజనును ఆపడానికి కూడా కేబుల్ లాగడమే. ఒకసారి లేచిన ఇంజనుకు ఇక కరెంటుతో పనిలేదు. కొండ మీది డ్రైవరుకు ఇంతకంటే వరం ఏముంది? విద్యుత్ జబ్బుల్లో సగం ఆ ఒక్క మార్పుతోనే పోయాయి, మిగిలిన సగం సెల్ఫ్ దగ్గర పోగుపడ్డాయి. ప్యూజో రకం ఇంజనుకు చలిలో హీటర్ ప్లగ్గులు ముందుగా వేడెక్కాలి, అవి కూడా బ్యాటరీని బాగానే తాగుతాయి. నీరసించిన బ్యాటరీ హీటర్లనూ సెల్ఫ్‌నూ రెంటినీ మోయలేదు. అప్పుడు అనుభవజ్ఞుడైన డ్రైవరు చేసే పని చూడండి. తాళం తిప్పి హీటర్లను కాసేపు ఎర్రగా కాలనిస్తాడు, సెల్ఫ్ జోలికే పోడు. రాయి తీయిస్తాడు. బ్యాటరీలో ఉన్న కాస్త కరెంటు వేడికి, తిప్పుడు వాలుకు. పని పంపకం ఇంత చక్కగా చేసినవాణ్ణి అమాయకుడని ఎలా అంటాం?

ఇప్పుడు జబ్బు స్వభావం సంగతి. ఒకరోజు వచ్చి ఒకరోజు రాని స్టార్టింగ్ ట్రబుల్ మెకానిక్కులకు పెద్ద తలనొప్పి. పూర్తిగా చెడింది దొరుకుతుంది, అప్పుడప్పుడు చెడేది చూసేటప్పుడు దొరకదు. దీనికి ముఖ్య కారణం సాధారణంగా ఎక్కడో కలిసీ కలవని కనెక్షను. డీజిల్ సెల్ఫ్ తిరిగేటప్పుడు 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో చిలుము పట్టిన టెర్మినల్ దగ్గర ఓములో నూరో వంతు అడ్డంకి ఉన్నా అక్కడే 2 వోల్టులు ఆవిరైపోతాయి. హారను మోగుతుంది, లైటు వెలుగుతుంది, సెల్ఫ్ మాత్రం టిక్కుమని ఊరుకుంటుంది. ఇంకో దొంగ ఎర్త్ పట్టీ. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌కూ దానికీ కరెంటు బంధం ఈ అల్లిక పట్టీ ఒక్కటే. అది తుప్పు పడితే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ దారి పడుతుంది. సెల్ఫ్ కొట్టగానే కేబుల్ చెయ్యి కాలేంత వేడెక్కితే జబ్బు ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు. హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టి చూడటం ఇప్పటికీ మొదటి పరీక్షే. లైటు పూర్తిగా కుంగితే బ్యాటరీ నీరసమో, టెర్మినల్ వదులో, సెల్ఫ్ బిగుసుకోవడమో. లైటు చెక్కుచెదరకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లడమే లేదు.

ఈ పరీక్షలన్నీ జబ్బు పైకి కనిపిస్తున్నప్పుడే పనికొస్తాయి, కొండకూ మైదానానికీ మధ్య చిక్కు ఇక్కడే ఉంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, లంబసింగిలో చలికాలపు తెల్లవారుజాము కొన్నిసార్లు సున్నా డిగ్రీల దరికి చేరుతుంది. సున్నా దగ్గర బ్యాటరీ ఇచ్చే శక్తి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అదే సమయానికి ఇంజనాయిలు చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరుగుతుంది. బండి తిప్పలు పెట్టేది ఆ గంటలోనే. ఎలాగో స్టార్ట్ చేసి, అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట షెడ్డుకు తీసుకెళితే అప్పటికి ఇంజను వేడెక్కి ఉంటుంది, దారిపొడవునా డైనమో బ్యాటరీని నింపి ఉంటుంది, కింద ఎండ కాస్తూ ఉంటుంది. మేస్త్రి సెల్ఫ్ కొడితే ఒక్క తిప్పుకే లేస్తుంది. బాగానే ఉందిగా అని పంపేస్తాడు, మర్నాడు కొండ మీద మళ్లీ టిక్కు. రానుపోను డీజిలూ, పోగొట్టుకున్న సంత రోజు బేరమూ కలిపి చూస్తే, ఆ రిపేరు ప్రయత్నం కంటే ఒక రాయీ కాస్త వాలూ చౌక. డ్రైవరు వేసుకున్న లెక్క ఇది. ఆర్థికవేత్త వేసినా జవాబు మారదు.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఇలా నెట్టుకురావడం వల్ల చిన్న జబ్బు పెద్దదైందని. ఒప్పుకోవలసిందే. వదులు టెర్మినల్ నిప్పులు చిమ్మి సీసాన్ని తినేస్తుంది, వేడినీళ్లు పోసి గీకి బిగిస్తే పోయే జబ్బు బ్యాటరీ ప్రాణం తీస్తుంది. పైగా పాత డైనమో సాధారణంగా తన మిగులు అయస్కాంతంతోనే కరెంటు పుట్టించేది. ఆల్టర్నేటర్‌కు మొదట బ్యాటరీ నుంచి కాస్త కరెంటు అందాలి, బ్యాటరీ బొత్తిగా చచ్చిన బండి దొర్లి లేచినా ఛార్జి కావడం అనుమానమే. బండి మారినా పద్ధతి మారకపోవడం డ్రైవర్ల తప్పే. రెండోది ప్రమాదం గురించి, ఇది ఇంకా బరువైనది. తొలి జీపుల బ్రేకులకు బూస్టర్ లేదు, కాలి బలమే బ్రేకు. తర్వాతి డీజిల్ బండ్లలో బూస్టర్‌కు కావలసిన వ్యాక్యూమ్ ఇంజను తిరిగితేనే పుడుతుంది. ఇంజను లేవకుండా జనంతో నిండిన బండిని వాలులో వదలడమంటే బ్రేకు సగం చేతిలో లేకుండా వదలడమే. ఖాళీ బండిని చిన్న వాలు మీద దొర్లించడం ఒకటి, టాపు మీద కూడా మనుషులున్న బండిని ఘాట్ మలుపు ముందు దొర్లించడం మరొకటి. మొదటిదాన్ని సమర్థిస్తున్నాను, రెండోదాన్ని సమర్థించే వాదన నా దగ్గర లేదు. మూడో అభ్యంతరం, ఇది ఉత్త బీదతనమే కదా అన్నది, నిలబడదు. బీదతనం మైదానంలోనూ ఉంది. అక్కడ బండిని మనుషులు తోశారు, ఎందుకంటే వాలు లేదు.

ఈ పద్ధతిని చివరికి దెబ్బతీసింది రోడ్డు బాగుపడటమో డ్రైవరు మారడమో కాదు, ఇంజను మారడం. కామన్ రైల్ డీజిల్‌లో నూనె ఎప్పుడు, ఎంత కొట్టాలో కంప్యూటరు చెబుతుంది. వోల్టేజి ఒక హద్దు దాటి పడితే ఆ కంప్యూటరే నిద్రపోతుంది, తాళంలోని చిప్పును గుర్తుపట్టకపోతే ఎంత వాలు దొర్లినా ఇంజను లేవదు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి అయ్యాక కొత్త డీజిల్ బండ్లలో పాత యంత్రపు పంపుకు చోటు లేకుండా పోయింది. మేస్త్రి చేతిలో టెస్ట్ లాంపు పక్కన స్కానరు చేరింది. అయినా స్కానరు చూపించే లో వోల్టేజి కోడ్ వెనక చాలాసార్లు ఉండేది అదే చిలుము, అదే ఎర్త్ పట్టీ. పాత బండితో చలికాలంలో ఘాట్ ఎక్కేవాళ్లు బ్యాటరీ మార్చేముందు ఆ రెండూ విప్పి, గీకి, బిగించి చూసుకోండి, తక్కువ ఖర్చుతో పోతుంది. ఇక కండెం జీపుల వేలం సంగతి అంటారా, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. అవి ఇప్పుడు నేరుగా తుక్కు కేంద్రానికే వెళ్లాలి.