పొద్దుగూకిన తర్వాతి కరెంటు

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరల్ని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి బొగ్గు మొదట నిజాం కాలపు రైళ్లను నడిపింది, తర్వాత కొత్తగూడెం, రామగుండాల్లో కరెంటయింది. దేశమంతటా జరిగిందీ ఇంచుమించు ఇదే. 2024-25లో భారత బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది.

ఇంత బొగ్గు మండించే దేశం 2070 నాటికి నెట్ జీరో సాధిస్తానని 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాటిచ్చింది. సాధ్యమేనా?

గతం కొంత ధైర్యమిస్తుంది. 2010 నాటి జాతీయ సోలార్ మిషన్ 2022కల్లా 20 వేల మెగావాట్లు చాలనుకుంది. 2015లో దాన్ని లక్షకు పెంచారు. గడువు తప్పినా 2025 జనవరిలో ఆ లక్ష పూర్తయింది. అదే ఏడాది జూన్‌కల్లా స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్‌లతో పనిలేనిదే. పారిస్ ఒప్పందం కింద దీనికి పెట్టుకున్న గడువు 2030.

అయితే స్థాపిత సామర్థ్యం వేరు, ఇంటికొచ్చే యూనిట్లు వేరు. యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఇప్పటికీ బొగ్గుదే. పూర్వపు కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం దానికి ఎదురులేదు. పొద్దుగూకి ఇళ్లలో లైట్లు, ఏసీలు ఒక్కసారిగా ఆన్ అయ్యే వేళకు అక్కడ ఉత్పత్తి సున్నా. అప్పుడు ఆదుకునేది రామగుండమే.

కాబట్టి అసలు పరీక్ష నిల్వ దగ్గరే ఉందని నా నమ్మకం. ఆ విద్య మనకు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్‌లో నీటిని తిరిగి పైకి తోడగల టర్బైన్లు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆ సోలార్ పార్కున్న పూర్వపు కర్నూలు జిల్లాలోనే, పిన్నాపురంలో ఈ పద్ధతినే నదికి దూరంగా, 1,680 మెగావాట్ల స్థాయిలో చేపట్టారు. పగటి కరెంటుతో నీళ్లను కింది జలాశయం నుంచి పైదానికి తోడతారు, గిరాకీ పెరిగే వేళ వదులుతారు. తోడేందుకు ఖర్చయిన కరెంటులో దాదాపు ఐదో వంతు తిరిగి రాదు. అయినా ఇలాంటివి పదుల సంఖ్యలో రానిదే బొగ్గు యూనిట్లు ఆగవు.

2030 సామర్థ్య లక్ష్యాలు అందినా, 2070 మాట నిలవాలంటే బొగ్గుబాయి కుటుంబాల సంగతీ తేలాలి. సింగరేణి కంపెనీ తానే సోలార్ ప్లాంట్లు పెట్టింది. కానీ ఒకసారి కట్టాక వాటికి కావలసింది కొద్దిమంది మనుషులే. మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖనిలలో వారసత్వ ఉద్యోగాన్నే నమ్ముకున్న ఇళ్లకు బదులుగా ఏం దొరుకుతుందో గ్లాస్గో హామీల్లో లేదు. అది రాయాల్సింది కేంద్రం, రాష్ట్రం, కంపెనీ కలిసి, గనులు మూతపడక ముందే.