ఆల్ ఇంగ్లండ్ విజేత నుంచి ద్రోణాచార్యుని వరకు: శ్రీ పుల్లెల గోపీచంద్ క్రీడా ప్రస్థానం

హైదరాబాద్: సైబరాబాద్ ఐ.టి. కారిడార్‌లోని గచ్చిబౌలికి సాఫ్ట్‌వేర్ సంస్థలు ఎంత పేరు తెచ్చాయో, క్రీడాలోకంలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ అంత పేరు తెచ్చింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో నెగ్గకపోవడం వల్లనే తాను ఆటలో నిలిచిపోయానని చెప్పుకున్న శ్రీ గోపీచంద్ కృషి, ఇంజనీర్లతో నిండిన ఈ ప్రాంతంలోనే ఫలించడం విశేషం.

1973 నవంబర్ 16న అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన ఆయన హైదరాబాద్‌లో శ్రీ ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద, అనంతరం బెంగుళూరులో శ్రీ ప్రకాశ్ పడుకోనే వద్ద శిక్షణ పొందారు. 1994లో మోకాలి లిగమెంటు తెగి, శస్త్రచికిత్సలు తప్పలేదు. ఆట ముగిసినట్లేనని పలువురు భావించిన దశలో తిరిగి కోర్టులో ప్రవేశించి, 1996 నుంచి 2000 వరకు వరుసగా 5 సార్లు జాతీయ సింగిల్స్ విజేతగా నిలిచారు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం గెలిచారు.

2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించారు. సెమీఫైనల్లో డెన్మార్క్‌కు చెందిన పీటర్ గేడ్‌పై గెలుపు అంతకన్నా కఠినమైనది. 1980లో శ్రీ పడుకోనే సాధించిన తరువాత ఈ కిరీటం భారతీయునికి దక్కడం అదే ప్రథమం. అటుపిమ్మట శీతల పానీయాల ప్రకటనల్లో నటించేందుకు ఆయన నిరాకరించడం దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది.

గాయాలు క్రీడాజీవితాన్ని కుదించగా, ఆయన దృష్టి శిక్షణపైకి మళ్లింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో గచ్చిబౌలిలో 5 ఎకరాల స్థలం కేటాయించింది. స్థలం లభించినంత సులువుగా నిధులు లభించలేదు. ఆయన కుటుంబం సొంత ఇంటిని తాకట్టు పెట్టింది. పారిశ్రామికవేత్త శ్రీ నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయల విరాళం అందజేశారు. 2008లో అకాడమీ ప్రారంభమైంది. మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలకు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం వేదికైంది.

ఆఫీసులు తెరవడానికి ఎన్నో గంటల ముందే, తెల్లవారుజామున అకాడమీలో సాధన మొదలయ్యేది. ఆ కోర్టులపై సాధన చేసిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం సాధించారు. కిదాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. 2017 సింగపూర్ ఓపెన్ ఫైనల్లో ఆయనను ఓడించిన బి. సాయి ప్రణీత్ కూడా ఇక్కడి శిష్యుడే. అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో సభ్యుడు.

అయితే ఒకే శిక్షకుని సమయాన్ని ఇందరు అగ్రశ్రేణి క్రీడాకారులు పంచుకోవలసి రావడం చిక్కులు తేకపోలేదు. సైనా 2014లో బెంగుళూరుకు తరలి, 2017లో తిరిగివచ్చారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సింధు కాంస్యం కొరియా శిక్షకుడు పార్క్ తే-సాంగ్ పర్యవేక్షణలో వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్‌లో భారత్‌కు పతకం దక్కలేదు. క్రీడాకారులకు దీటుగా శిక్షకులను తయారుచేయడం ఇంకా మిగిలివున్న పని.

శ్రీ గోపీచంద్ అర్జున (1999), రాజీవ్ ఖేల్‌రత్న (2001), పద్మశ్రీ (2005), ద్రోణాచార్య (2009), పద్మభూషణ్ (2014) పురస్కారాలు అందుకున్నారు.