నేలకొండపల్లి స్తూపము మనకు చెప్పే పాఠము



మేము భద్రాచలం అడవి అంచున ఉర్దూ మీడియం పిల్లలకు తారీఖ్ పాఠాలు చెప్పుకునేవాళ్ళము. నిరుడు పిల్లలను ఖమ్మం దగ్గరి నేలకొండపల్లికి తీసుకొని వెళ్ళి ఇటుకల మహాస్తూపము, విహారాల పునాదులు, బావులు చూపించాము. ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, ఇంత కట్టి ఎందుకు వదిలిపెట్టి పోయారు? యుద్ధం అయిందా?"

ఈ విహారాలు క్రీస్తు శకము 3, 4 శతాబ్దాల నాటివి. శాతవాహనుల తరువాత ఇక్ష్వాకులు కృష్ణ ఒడ్డున విజయపురి రాజధానిగా సుమారు 100 సంవత్సరాలు ఏలినారు. అక్కడి నాగార్జునకొండలో 30కి పైగా బౌద్ధ కట్టడాలు లేచినవి. రాజు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి దానము చేసినట్లు శాసనాలు కలవు. భిక్షువులు దున్నేవారు కారు, దానాల మీదనే బతికేవారు. 4వ శతాబ్దములో ఇక్ష్వాకుల పాలన ముగిసింది. రోముతో వర్తకమూ తగ్గింది. తరువాతి రాజుల దానాలు ఎక్కువగా దేవాలయాలకు పోయినవి. క్రమంగా విహారాలు ఖాళీ అయినవి. సంస్థ పాడుపడడానికి కత్తే రానక్కరలేదు, ఇచ్చే చెయ్యి ఆగినా చాలు.

ఇరాక్‌లోని షాఖీ కోరా అనే చోట కూడా 5,000 ఏళ్ళకు పూర్వము జనానికి గిన్నెలతో తిండి పెట్టి నడిపిన పెద్ద సంస్థల ఆనవాళ్ళు దొరికినవి. యుద్ధము జరిగిన గుర్తులు లేవు. జనమే వాటిని వదిలి తమ దారిన పోయినట్లున్నది.

ఇదే నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, తానీషా కొలువులో తహశీల్దారుగా ఉండి భద్రాచలం గుడి కట్టించాడు. 1687లో గోల్కొండ పడిపోయింది. గుడి నిలిచింది. సర్కార్లు మారినా పల్లెల నుండి మామూలు జనము తమకు తోచిన కానుకతో వస్తూనే ఉన్నారు.

ఇక మన సంగతి. మన సొసైటీ వజీఫా నిధి ఇద్దరు ముగ్గురు పెద్దల మీదనే నడుస్తున్నది. అల్లాహ్ వారికి బర్కత్ ఇవ్వుగాక! అయితే నిరుడు వారిలో ఒకరికి వ్యాపారములో నష్టము రాగా కొందరు పిల్లల ఫీజులు ఆగిపోయినవి. స్తూపము దగ్గర మమ్మల్ని ప్రశ్న అడిగిన పిల్లవాడు అందులో ఒకడు.

కనుక ప్రతి ఇల్లూ చేతనైనంత చందా, చిన్నదైనా సరే, నెలనెలా ఇవ్వవలెనని మా మనవి. ఈ నెల నుండే మొదలుపెడదాము.

ఖుదా హాఫిజ్.